వరంగల్ సామిల్లు నుంచి మాల్దీవులకు కట్టె పంపుడు అయితదా? వాళ్లు పైన్ కట్టెనే ఎందుకు తెప్పించుకుంటరు?

ఓరుగల్లు_సామిల్ (ప్రశ్న)

నమస్తే అన్నలు, అక్కలు. మాది వరంగల్. మా బాపు పెట్టిన చిన్న సామిల్లు ఉన్నది, ఒక్కటే బ్యాండ్‌సా, నలుగురు పనోళ్లు. టేకు, యాప, తుమ్మ, నల్లమద్ది కోస్తం, దర్వాజలకు కిడికీలకు సైజులు తీసిస్తం. ఈ నడుమ ఎవన్ని అడిగినా గ్రానైట్ చౌకట్ పెట్టుకున్నం, యూపీవీసీ కిడికీలు పెట్టుకున్నం అంటాండ్రు, గిరాకి సగానికి వడ్డది.

అసలు ముచ్చటకు ఒస్త. మా బామ్మర్ది రెండేండ్ల సంది మాల్దీవుల్ల ఉంటాండు, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీల స్టోర్ కీపర్. బతుకమ్మకు ఒచ్చినప్పుడు మిల్లుల కూసోని ముచ్చట వెడుతుంటె "బావా, మా కాడ కట్టె మొత్తం షిప్పులనే ఒస్తది, కొట్టుకుందామంటె అడివే లేదు, గా తెల్ల పైన్ కట్టె స్టాకు అయిపోతె మళ్ల లోడు ఒచ్చేదాక పని ఆగుతది, నువ్వు పంపరాదు" అన్నడు. గప్పటి సంది నాకు నిద్ర సక్కగ వడ్తలేదు.

వాడు ఫోటోలు కూడ పంపిండు. కట్టలు కట్టలు, ఇనుప పట్టీలు ఏసి ఉన్నయ్, కొన్ని తెల్లగ ఉన్నయ్, కొన్నిటికి పాచి పట్టినట్టు ఆకుపచ్చ రంగు ఉన్నది. చూస్తె నాకేం నచ్చలే. చేవ లేని కట్టె, గోరుతోటి గీకినా గీత వడేటట్టున్నది, గింత మెత్తటి కట్టెను చుట్టూ సముద్రం ఉన్న తాన ఎట్ల వాడుతాండ్రో సమజ్ అయితలేదు. మన దిక్కు జామాయిల్ ఎకరాలకు ఎకరాలు ఉన్నది, రైతులు పేపర్ మిల్లుకు టన్నుల లెక్క అమ్ముకుంటాండ్రు, అది దీనికంటె గట్టిది కాదా? కోసి పంపితె తీసుకోరా? టేకు తలుపులైనా?

ఇంకోటి, వాడు పంపిన లెక్కల 2 బై 4 అని రాసి ఉన్న కట్టెను టేపు వెట్టి కొలిస్తె 2 ఇంచులు లేదు, 4 ఇంచులు లేదు. గిది మోసమా, అక్కడి పద్ధతే గట్లనా? తెలిసినోళ్లు జర జెప్పుండ్రి. నవ్వినా పర్వాలేదు.

జగిత్యాల_వడ్లాయన

తమ్మి, నేను ఆడ ఆరేండ్లు కార్పెంటర్ పని చేసిన, అంతకు ముందు మస్కట్. నీ బామ్మర్ది చెప్పింది నిజమే, గాని సగమే చెప్పిండు.

ముందుగాల ఆ దేశం ఎట్లుంటదో మనసుల పెట్టుకో. దాదాపు 1,200 దీవులు, మనుషులు ఉండేటియి రెండు వందల లోపే, అన్ని కలిపినా భూమి 300 చదరపు కిలోమీటర్లు. దేశం మొత్తంల ఎత్తు జాగ సముద్రం మీదికెల్లి రెండున్నర మీటర్లు కూడ ఉండది, మన హన్మకొండ పద్మాక్షి గుట్టను తీస్కపోయి ఆడ పెడితె వాళ్లకు హిమాలయం. నేల అంత పగడపు పొడి, తెల్లగ సున్నం లెక్క. కొబ్బరి చెట్లు మస్తు, పొన్న ఉంటది, మొగలి ఉంటది, గంతె. దూలం తీసేటంత చెట్టు కోసుకుంట పోతె ఒక్క ఏడాదిల దీవి గుండు అయితది. వెనుకట ఇండ్లు పగడపు రాయితోటి కట్టుకునేటోళ్లు, పడవలు కొబ్బరి కట్టెతోటి చేసేటోళ్లు. రాజధాని మాలేల 1658ల కట్టిన పాత మసీదు ఉన్నది, పగడపు రాళ్లను ఒకదాంట్ల ఒకటి గూడు పెట్టి కట్టిండ్రు, లోపట కట్టె మీద చెక్కిన పని చూస్తె మనకు చెయ్యి ఆడది, నేను సెలవు దొరికితె పోయి దర్వాజ కాడ నిలవడి చూసేటోన్ని. వాళ్లకు పనితనం లేక కాదు, కట్టె లేక.

వాళ్ల ధివేహి భాషల కట్టెను లకుడి అంటరు. మొదటి రోజు మేస్త్రి "లకుడి, లకుడి" అని ఒర్లుతుంటె నాకు మన హైద్రాబాద్ లకిడీకాపూల్ యాదికొచ్చి నవ్వొచ్చింది.

ఇగ పైన్ ఎందుకంటవా. మూడు తీర్ల పోతది. సెంట్రింగ్‌కు పోతది, ఆడ ఇప్పుడు ఇండ్లన్ని స్లాబులే, మాలేల జాగ లేక పది పన్నెండు అంతస్తులు లేపుతరు. పైకప్పు వాసాలకు, రీపర్లకు పోతది. రిసార్టులల్ల నీళ్ల మీద కట్టే కాటేజీల నడక దారికి, లోపటి ఫ్రేములకు పోతది. నీళ్లల్ల దిగే స్తంభాలకు మాత్రం ఉత్త పైన్ పనికి రాదు, దానికి కాంక్రీటో, మలేసియా ఇండోనేసియా దిక్కు గట్టి కట్టెనో పెడుతరు. సముద్రంల కట్టెను తినే పురుగు ఉంటది, టెరిడో అంటరు, పేరుకు పురుగు గాని ఆల్చిప్ప జాతి, బయటికెల్లి చూస్తె స్తంభం మంచిగనే ఉంటది, లోపట జల్లెడ.

నువ్వు పాచి అనుకున్న ఆకుపచ్చ రంగు మందు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందును పెద్ద ట్యాంకుల పెట్టి, లోపటి గాలి గుంజి, ప్రెషర్ తోటి కట్టెలకు ఎక్కిస్తరు. చెద రాదు, పుచ్చు పట్టది. గాని గా ముక్కలను పొయ్యిల పెట్టుడు ఉండది. మా క్యాంపుల ఒక పిలగాడు కొత్తగ ఒచ్చి చాయ్ కొరకు ఆ తుక్కు ముక్కలు ముట్టిచ్చిండు, సూపర్‌వైజర్ ఉరికొచ్చి గిన్నెతోటి సహా తన్నిండు. అప్పుడు కోపమొచ్చింది, తర్వాత బూడిదల ఆర్సెనిక్ ఉంటదని తెలిసినంక మంచిగనే తన్నిండు అనిపించింది.

మేకుల సంగతి కూడ చెప్త. మామూలు మేకు కొడితె ఆ మందుకు, ఉప్పు గాలికి ఒక్క వానకాలంల ఎర్రగ కారుతది. స్టెయిన్‌లెస్ స్క్రూలు, అవి కూడ 316 గ్రేడు, లేకుంటె వేడి జింక్‌ల ముంచిన బోల్టులు. కట్టె పైసలు ఒక ఎత్తు, వాటి పైసలు ఒక ఎత్తు.

టేకు తలుపు అన్నవు. ఒకసారి ఇండియా నుంచే ఒక సెట్టు టేకు తలుపులు ఒచ్చినయ్, ఏ ఊరినుంచో చెప్ప. ఎండకాలం ఆరిన కట్టె, టకటక మోగుతాంది, మస్తున్నది. బిగించినం. రెండు నెలలకు ఒక్క తలుపు పడ్తలేదు, వెడల్పుల రెండు మూడు నూళ్లు (నూలు అంటె ఇంచుల ఎనిమిదో వంతు) పెరిగినయ్. రంద పట్టి అంచులు కొట్టుకుంట కూసున్నం. కట్టె తప్పు కాదు, మన ఎండల ఎండవెట్టి ఆడి తేమలకు పంపుడు తప్పు.

ఉత్తగనే_చూస్తున్న

జామాయిల్ ఎందుకన్నా, ఎర్రచందనమే పంపుదాం, ఒక్క ట్రిప్పుల సెటిల్ 😀

ఓరుగల్లు_సామిల్

నువ్వు సెటిల్ అయితవు, నన్ను తీస్కపోయి జైల్ల సెటిల్ చేస్తరు. వడ్లాయన అన్నా, దండం. తలుపుల ముచ్చట విని గుండె జారింది, నేను గదే చేద్దామనుకున్న.

హన్మకొండ_బాటనీ_మేడమ్

మెత్తటి కట్టె అనే మాట దగ్గర అందరూ పొరపడతారు, మా డిగ్రీ పిల్లలు కూడా, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, క్లాసు పీకుతుందనుకోకండి.

సాఫ్ట్‌వుడ్, హార్డ్‌వుడ్ అన్నది గోరుతో గీకి చెప్పేది కాదు. పైన్, స్ప్రూస్, ఫర్, దేవదారు లాంటి శంకువులు కాసే, సూది ఆకుల చెట్ల కట్టె సాఫ్ట్‌వుడ్. పూలు పూసి కాయ కాసే వెడల్పు ఆకుల చెట్ల కట్టె హార్డ్‌వుడ్. మన నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కట్టె ఉంది చూడండి, చేతిలో పట్టుకుంటే అట్టముక్కలా తేలిక, చిన్న చాకుతో చెక్కొచ్చు, అయినా లెక్క ప్రకారం అది హార్డ్‌వుడ్. ఇంకోవైపు కొన్ని రకాల పైన్ దానికంటే ఎన్నో రెట్లు గట్టిది. మన తెలంగాణ అడవుల్లో సాఫ్ట్‌వుడ్ చెట్టే లేదు, మనకు దాంతో పరిచయం లేదు కాబట్టి మెత్తగా, చేవ లేనట్టు కనిపిస్తుంది.

మాల్దీవుల వైపు వచ్చే తెల్ల కట్టెలో చాలావరకు న్యూజిలాండ్ రేడియాటా పైన్ అయి ఉండొచ్చు, ఫోటో చూడకుండా ఒట్టు వేసి చెప్పలేను. ఆ చెట్టు కథ సరదాగా ఉంటుంది. సొంత ఊరు అమెరికాలో కాలిఫోర్నియా తీరంలో చిన్న ముక్క, అక్కడ దానికి పెద్ద విలువ లేదు. న్యూజిలాండ్ తీసుకుపోయి నాటితే వాళ్ల ప్లాంటేషన్ అడవుల్లో దాదాపు 90 శాతం అదే అయిపోయింది. సుమారు 28 ఏళ్లకు కోతకు వస్తుంది. మన టేకు అడవిలో అంతకు రెట్టింపు కాలం తీసుకుంటుంది.

ఇప్పుడు అసలు పాయింట్. వడ్లాయన గారు చెప్పిన మందు ఉంది కదా, అది ఎక్కాలంటే కట్టె తాగాలి. రేడియాటా పైన్‌లో బయటి వైపు తెల్ల భాగం ఎక్కువ, అది స్పాంజి లాగా మందు తాగుతుంది. మీరు చేవ లేదని తీసిపారేసిన గుణమే అక్కడ పనికొచ్చే గుణం. జామాయిల్ చేవలోకి మందు అంత సులువుగా దిగదు. పైగా జామాయిల్ చెట్టు నిలబడి ఉన్నప్పుడే లోపల బిగువు ఉంటుంది, కొట్టగానే కొసలు పర్రెలు వడతాయి, కోసిన పలక విల్లులా వంగుతుంది. మీరు సామిల్లు వాళ్లు, ఇది నాకంటే మీకే బాగా తెలుసు, వరి గడ్డి మోపులు మోసే బండికి చెక్కలు వేయించుకున్న రైతును అడిగినా చెప్తాడు.

దీవులన్నీ ఒక్కటే అని కూడా అనుకోవద్దు. ఫిజీ వాళ్లు బయటి నుంచి కరీబియన్ పైన్ తెచ్చి పెద్ద దీవి పడమటి వైపు కొండల మీద తోటలు వేసుకున్నారు, వాళ్లకు సొంత పైన్ ఉంది, ఎగుమతి కూడా చేస్తారు. తువాలు లాంటి దేశానికి మొత్తం భూమే 26 చదరపు కిలోమీటర్లు, మన ఒక పెద్ద గ్రామం శివారు అంత, వాళ్లు ఎక్కడ నాటుకుంటారు? మాల్దీవులు ఈ రెండో రకం. కరీబియన్ వైపు చిన్న దీవులు పక్కనే ఉన్న అమెరికా నుంచి సదరన్ పైన్ తెచ్చుకుంటాయి. ఎవరికి ఏ పైన్ అన్నది ఎక్కువగా ఏ ఓడ ఏ దారిలో వస్తుందనే దాన్ని బట్టే.

తలుపులు ఉబ్బడం గురించి ఒక లెక్క. గాలిలో తేమ 30 శాతం ఉంటే, మన ఏప్రిల్ మే నెలలు అనుకోండి, కట్టెలో తేమ మెల్లగా 6 శాతం దగ్గర ఆగుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్న దీవిలో అదే కట్టె 16 శాతం దాకా తాగుతుంది. ఈ 10 శాతం తేడా తలుపు అడ్డంగా పెరగడంలో కనిపిస్తుంది, నిలువుగా పెద్దగా కనిపించదు. అందుకే వాళ్లు కిల్న్‌లో, అంటే కట్టెను ఆరబెట్టే వేడి గదిలో ఆరబెట్టి, ఎంత శాతం దగ్గర ఆపారో రాసి ఉన్న కట్టె అడుగుతారు.

ఓరుగల్లు_సామిల్

మేడం, పొణికి ముచ్చట మంచిగ చెప్పిండ్రు, మా బిడ్డకు చదివి వినిపిస్తె "బొమ్మ హార్డ్‌వుడ్ అంటనా" అని దాన్ని గోరుతోటి గీకి చూసింది.

2 బై 4 లెక్క ఎవరన్న చెప్పుండ్రి. బామ్మర్ది కొలిచి రాసిండు, మందం 12 నూళ్లు, వెడల్పు 28 నూళ్లు. అంటె ఒకటిన్నర ఇంచు, మూడున్నర ఇంచు. బిల్లుల మాత్రం 2 బై 4 అనే ఉన్నది. నేను గిట్ల కోసిస్తె మా గిరాకి నన్ను బ్యాండ్‌సాకు కట్టేసి కొడుతడు.

తూత్తుకుడి_మంచిర్యాలోడు

అన్న, నాది మంచిర్యాల, పదేండ్ల సంది తూత్తుకుడిల షిప్పింగ్ కాడ పని. నీ ప్రశ్నకు నేను లేటుగ ఒచ్చిన, గాని ఇది నా సబ్జెక్టే.

2 బై 4 మోసం కాదు. అది పచ్చిగ ఉన్నప్పుడు కోసిన సైజు పేరు. ఎండినంక కుంచించుకుంటది, నాలుగు దిక్కుల రంద కొడుతరు, మిగిలేది ఒకటిన్నర బై మూడున్నర. అమెరికా కెనడా కట్టెకు ఇది రూలే, ఆడ పిల్లగానికి కూడ తెలుసు. న్యూజిలాండోళ్లు అయితె చేతికొచ్చే అసలు సైజు 90 బై 45 మిల్లీమీటర్లు అని రాసి మీటరు లెక్కన అమ్ముతరు, ఆడ ఈ కిరికిరి లేదు. గాని ధర పోల్చేటప్పుడు మాత్రం మునుగుతవు. 12 ఫీట్ల పొడుగు 2 బై 4 వంద ముక్కలు తీసుకో. పేరు లెక్కన 66.7 సీఎఫ్‌టీ, అంటె ఘనపు అడుగులు. అసల్ల నీ చేతికొచ్చేది 43.75 సీఎఫ్‌టీ. మూడోవంతు పైన గాలి. నువ్వు నీ మిల్లు సీఎఫ్‌టీ రేటుతోటి పోల్చి "అబ్బ వాళ్లు గింత తక్కువకు ఎట్ల ఇస్తాండ్రు" అనో, "గింత ఎక్కువ ఎందుకు పెడుతాండ్రు" అనో అనుకుంటె రెండూ తప్పే.

మనం మాత్రం తక్కువ తిన్నమా? దుంగను చుట్టుకొలత నాలుగో వంతు లెక్కన కొలుస్తం కద. 4 ఫీట్ల చుట్టుకొలత, 10 ఫీట్ల పొడుగు దుంగ మన లెక్కల 10 సీఎఫ్‌టీ, నిజంగ ఉన్న కట్టె 12.7 సీఎఫ్‌టీ. కోతల పోయేది ముందే తీసేసినట్టన్నమాట. ఒక్కో ఊరికి ఒక్కో కొలత, కాయితం మీద ఏ కొలత అని రాయించుకోకుంటె కొట్లాటే.

ఇగ పంపుడు సంగతి. ఇక్కడి నుంచి మాలేకు దగ్గరే, వెనుకటి సంది తోణీలు నడుస్తయ్, అంటె కట్టెతోటి చేసిన ఓడలు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఇటుక, కంకర మోసుకుంట పోతయ్. 2020 సెప్టెంబర్ల రెండు దేశాల సర్కార్లు తూత్తుకుడి, కొచ్చి నుంచి మాల్దీవుల ఉత్తరం దిక్కున్న కుల్హుదుఫుషి మీదుగ మాలేకు కార్గో ఫెర్రీ కూడ మొదలువెట్టినయ్. 1981 ఒప్పందం ప్రకారం మనోళ్లు ఏటా మాల్దీవులకు బియ్యం, పప్పు, చక్కెర, గుడ్లు, ఉల్లిగడ్డ, ఇసుక, కంకర గిట్ల కోటా పెట్టి పంపుతరు. నువ్వు జూడు, ఇసుక కంకర కోటాల ఉన్నయ్, కట్టె లేదు. ఎందుకు లేదంటె మనమే కట్టె కొనుక్కునే దేశం. న్యూజిలాండ్ పైన్ దుంగలు గుజరాత్‌ల కాండ్లా పోర్టుల దిగి గాంధీధాం సామిల్లులల్ల కోసి దేశమంత పోతయ్. మన దగ్గర ఉంటె కద ఇంకొకరికి పెట్టేది.

మన దేశపు కట్టెను దుంగలుగ, మోటు సైజులుగ బయటికి పంపుడు మీద చాన ఏండ్ల సంది నిషేధం ఉన్నది, బయటి దుంగలు తెచ్చి కోసి పంపేటోళ్లకు వేరే రూలు. తలుపులు, చౌకట్లు, ఫర్నిచర్ లాంటి తయారైన సరుకు దారి వేరు. కస్టమ్స్ లెక్కల కోసిన కట్టెకు 4407 కోడు, తలుపులకు కిడికీలకు 4418. నీకు మొదటిది మరిచిపో అనే చెప్త, రెండోది ఆలోచించు, డీజీఎఫ్‌టీ, అంటె విదేశీ వ్యాపారం చూసే సర్కారు ఆఫీసు కాడ ఇప్పటి రూలు ఒకసారి చూసుకో.

కట్టె ఆ దేశంల దిగాలంటె హీట్ ట్రీట్‌మెంట్ ముద్ర కావాలె, కట్టె నడి మధ్య దాక 56 డిగ్రీలు, 30 నిమిషాలు. ఆ ముద్ర లేకుంటె కంటెయినర్ ఆడనే ఆగుతది.

ఇంకోటి బరువు. 40 ఫీట్ల కంటెయినర్ల సుమారు 26 టన్నులు ఎక్కుతది. ఎండిన పైన్ క్యూబిక్ మీటరు 500 కిలోల లోపల ఉంటది, కట్టలు సక్కగ పేర్చితె 45 క్యూబిక్ మీటర్ల దాక పడుతది. జామాయిల్ అయితె 30 చిల్లరకే బరువు నిండి కంటెయినర్ల సగం ఖాళీగ పోతది, ఖాళీ జాగకు కూడ కిరాయి నువ్వే కట్టాలె. వరంగల్ నుంచి ఈడికి వెయ్యి కిలోమీటర్ల పైన లారీ కిరాయి అదనం. మాలేల దిగినంక కూడ అయిపోలే, దేశం ఆ కొస నుంచి ఈ కొసకు 800 కిలోమీటర్ల పైనే, దీవి దీవికి మళ్ల ధోణి అనే వాళ్ల పడవ ఎక్కించాలె, ఒక్కో కట్ట మూడు నాలుగు సార్లు ఎక్కుతది దిగుతది. నేను ఒకసారి చూసిన లోడుల ప్లాస్టిక్ చుట్టు చినిగి నడుమ వాన నీళ్లు పోయి, ఇప్పి చూస్తె కట్టె అంత నీలం మచ్చలు, బూజు. కొన్నాయన తీసుకోనన్నడు, పంపినాయన పైసలు అడుగుతాండు, కట్టె మాత్రం జెట్టీ మీద ఎండకు వంకర వోయింది. ఎవలదని చెప్ప.

హన్మకొండ_బాటనీ_మేడమ్

తమ్ముడూ, మిగతాది చాలా బాగా రాశారు, ఒక్కటి సరిచేయనా? ఆ 56 డిగ్రీలు 30 నిమిషాల ముద్ర ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం. అది ప్యాకింగ్ కట్టెకు, అంటే ప్యాలెట్లు, పెట్టెలు, కట్టల కింద పెట్టే దిమ్మెలకు. సరుకుగా పోయే కోసిన కట్టెకు దేశాలు అడిగేది ఫైటోశానిటరీ సర్టిఫికెట్, మొక్కల క్వారంటైన్ వాళ్లు పరీక్షించి ఇచ్చేది. ఆ సర్టిఫికెట్‌లో వేడి చేశారో, పొగ పెట్టారో రాస్తారు. రెండూ పురుగు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోకుండానే, కానీ కాగితాలు వేరు.

తూత్తుకుడి_మంచిర్యాలోడు

అవును మేడం, కరెక్టు. మేము రోజు ప్యాలెట్ ముద్రలే చూస్తం, గదే నోట్ల నుంచి ఒచ్చింది. సరుకుకు సర్టిఫికెట్, ప్యాలెట్‌కు ముద్ర. కట్టె సరుకును కట్టె దిమ్మె మీద పెట్టి పంపితె రెండూ కావాలె, సరుకుకు అన్ని కాయితాలు ఉండి కింద దిమ్మెకు ముద్ర లేక ఆగిన లోడ్లు కూడ ఉంటయ్, నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వది.

జగిత్యాల_వడ్లాయన

రేటు ముచ్చట ఒకటి కలుపుత. కరోనా టైముల నేను ఆడనే ఉన్న. మేస్త్రి రోజు ఫోన్ల రేటు చూసి తల పట్టుకునేటోడు. అమెరికాల ఇండ్లు కట్టుడు ఎక్కువైతె మా దీవిల కట్టె పిరం అయితదా అని నాకు అప్పుడు ఆశ్చర్యం.

తూత్తుకుడి_మంచిర్యాలోడు

అయితది అన్న. చికాగో మార్కెట్ల వెయ్యి బోర్డ్ ఫీట్ల (ఒక బోర్డ్ ఫీట్ అంటె ఫీటు పొడుగు, ఫీటు వెడల్పు, ఇంచు మందం) సాఫ్ట్‌వుడ్ కట్టె 2021 మే నెలల 1,600 డాలర్లు దాటింది, అదే ఏడాది ఆగస్టుకు 500 లోపలికి పడ్డది. మే నెలల ఆర్డర్ పెట్టినోని కట్టె ఒడ్డుకు ఒచ్చేసరికి రేటు మూడోవంతుకు కూలింది. మాల్దీవుల్ల కొనేది ఎక్కువ న్యూజిలాండ్ దిక్కుదే అయినా, అందరు అదే కట్టె మీద పడితె ఎవ్వలకు సవ్వ దొరుకది, పైన కంటెయినర్ కిరాయిలు కూడ అప్పుడే ఆకాశంల ఉండె. సొంత చెట్టు ఉన్నోడు నాలుగు నెలలు ఆగుతడు, లేనోడు ఎంతంటె అంత పెట్టి కొనాలె. ఇంకో తలనొప్పి, వాళ్ల రుఫియా డాలరుకు 15.42 అని అధికార రేటు, గాని బ్యాంకుల ఆ రేటుకు డాలర్లు కావల్సినన్ని దొరుకయి, బయట ఎక్కువ పెట్టి కొనాలె. పార్టీతోటి పని చేసేటప్పుడు పైసలు ముందు, కట్టె తర్వాత.

కరీంనగర్_పాత_డిపో

అందరు లోకం తిప్పి చూపెడుతాండ్రు, నేను మన దిక్కే ఒక మాట చెప్త. నేను 1996ల సామిల్లు నడిపిన. డిసెంబర్ 12 నాడు సుప్రీంకోర్టు అడవుల నరుకుడు మీద నడిచిన గోదావర్మన్ కేసుల ఆర్డర్ ఇచ్చినంక లైసెన్సు లేని మిల్లులు ఎట్ల మూతవడ్డయో, ఉన్నోళ్లకు కూడ కట్టె ఎట్ల కరువైందో కండ్లార చూసిన. గప్పటి దాక ఏటూరునాగారం టేకు, ఆదిలాబాద్ టేకు తప్ప ఇంకో పేరు తెల్వదు మాకు. ఆ తర్వాతనే బయటి కట్టె మన ఊర్లకు జొచ్చింది. ఇయ్యాల టేకు అని అమ్మేదాంట్ల కూడ ఆఫ్రికాది, దక్షిణ అమెరికాది మస్తు ఉన్నది. అంటె తమ్మి, మాల్దీవులోళ్లకు లేదు మనకు ఉన్నది అనుకుంటానవ్ గాని మనం కూడ ఆ లైన్లనే నిలవడ్డం, జర వెనుక ఉన్నం గంతె. నీ మిల్లు వెనుకకు పోయి చూడు, ఏదన్న మిషన్ ఒచ్చిన పెట్టె ఉంటది, అది పైనే అయి ఉంటది.

పంపాలె అనే ఉంటె తలుపే పంపు, గాని ముందుగాల రెండే రెండు పంపు. డ్రయర్ ఉన్న మిల్లుల ఆరవెట్టియ్యి, తేమ మీటరు కొనుక్కో, పెద్ద ఖర్చు కాదు. పద్నాలుగు పదిహేను శాతం కాడ ఆపి, అన్ని దిక్కుల, కింది అంచుకు మీది అంచుకు కూడ పాలిష్ కొట్టి పంపు. మనోళ్లు కనవడే దిక్కే కొడుతరు, అంచులు ఒదిలేస్తరు, నీళ్లు తాగేది ఆడనే. ఆరు నెలలు ఆడ నిలవడితె అప్పుడు కంటెయినర్ ముచ్చట మాట్లాడు.

ఓరుగల్లు_సామిల్

కాక, నువ్వు చెప్పినట్టే మిల్లు వెనుకకు పోయిన. నిరుడు బ్లేడు సాన పెట్టే మిషన్ ఒచ్చిన పెట్టె ఉన్నది, పనోళ్లు దాని మీద కూసోని సద్ది తింటరు. తిప్పి చూస్తె ఒక మూలకు కాల్చినట్టు నల్ల ముద్ర, గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం కోడు, నంబరు, కింద హెచ్‌టీ, అంటె హీట్ ట్రీట్‌మెంట్. ఏడాది సంది దాని మీద చాయ్ గ్లాసు పెడుతాన్న, ఒక్కనాడు చూడలే. ఒక పలక ఊడపీకి రంద పట్టిన. తెల్లగ, సక్కటి గీతలు, కర్పూరం తీర్ల వాసన, రంద వెన్నల పోయినట్టు పోయింది. మా పెద్ద పనాయన చేతులకు తీసుకోని "దీన్ని కట్టె అంటరా సేటూ" అన్నడు, గాని మళ్ల ఒకసారి రంద పట్టిండు.

జామాయిల్ ముచ్చట ఒదిలేసిన. రెండు తలుపులు చేస్త. ఆరవెట్టుడు కోసం హైద్రాబాద్ దిక్కు ఒక మిల్లును అడిగిన, కట్టె తెస్తె చేసిస్త అన్నరు. బామ్మర్దికి ఫోన్ చేసి ఆడ తలుపు సైజులు కొలిచి పంపమన్న. వాడు రాత్రి పదకొండింటికి టేపు పెట్టిన ఫోటో పంపిండు, అంత మిల్లీమీటర్లల్ల ఉన్నది. నా తాన ఉన్న టేపు ఇంచులదే. పొద్దుగాల పోయి చౌరస్త కాడ రెండు దిక్కుల గీతలున్న టేపు కొనుక్కచ్చిన. వడ్లాయన అన్నా, ఒక్క డౌటు, ఆడ చౌకట్‌కు తలుపుకు నడుమ సందు ఎంత ఒదులుతరు, మన తీర్ల ఒక నూలా, ఇంక ఎక్కువనా?

జగిత్యాల_వడ్లాయన

రెండు నూళ్లు ఒదులు తమ్మి, కింద మూడు. స్క్రూలు ఈడనే కొని సంచిల ఏసి తలుపుతోటి పంపు, ఆడ 316 పిరం.